సర్వర్ పోయి డేటా ఫోల్డర్ ఒక్కటే మిగిలితే మైఎస్‌క్యూఎల్ డేటా వెనక్కి వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: సర్వర్ మదర్‌బోర్డు కాలిపోయింది, హార్డ్‌డిస్క్ తీసి వేరే మెషీన్‌కి తగిలించారు, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 5.7 వెర్షన్ డేటా ఫోల్డర్ కనిపిస్తోంది, డంప్ (డేటా మొత్తాన్ని టెక్స్ట్ ఫైల్‌గా తీసిన బ్యాకప్) మాత్రం ఎక్కడా లేదు. మీ డేటాబేస్ పేరున్న ఫోల్డర్‌ని కొత్త సర్వర్‌లోకి కాపీ చేస్తే టేబుళ్ల పేర్లు వస్తున్నాయి, తెరిస్తే టేబుల్ లేదంటూ 1146 ఎర్రర్. ఆ ఎర్రర్ చూసి డేటా పోయిందనుకోకండి. మీరు తెచ్చింది సగమే, అందుకే అలా వస్తోంది.

మైఐసామ్ అనే పాత పద్ధతిలో దాచిన టేబుళ్లైతే ఫోల్డర్ కాపీ చేస్తే చాలు, పనిచేసేవి. ఇప్పుడు మామూలుగా వాడే ఇన్నోడీబీ పద్ధతి అలా కాదు. ఏ టేబుల్ ఏ ఫైల్లో ఉందన్న జాబితా మీ ఫోల్డర్‌కి ఒక మెట్టు పైనున్న ఐబీడేటా1 ఫైల్లో ఉంటుంది. పేర్లు ఎఫ్ఆర్ఎం (టేబుల్ నిర్మాణం ఉండే) ఫైళ్ల వల్ల కనిపిస్తాయి, కానీ కొత్త సర్వర్ ఐబీడేటా1లో వాటి ఊసే లేదు. కాబట్టి మొత్తం డేటా ఫోల్డర్ తీసుకోవాలి: ఐబీడేటా1, రెండు ఐబీ లాగ్‌ఫైళ్లు (మార్పుల్ని ముందుగా రాసిపెట్టే ఫైళ్లు), మైఎస్‌క్యూఎల్ అనే సిస్టమ్ ఫోల్డర్, అన్నీ.

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపుకి ఇదే కష్టం వచ్చినప్పుడు ఆ పని నేను చేశాను. ముందు డిస్క్‌ని రీడ్ ఓన్లీగా (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) మౌంట్ చేసి, ఫోల్డర్‌ని రెండు చోట్లకి కాపీ చేశాను. ఒకటి ముట్టుకోకుండా పక్కన పెట్టాను, రెండోదాని మీదే పని. మీ డిస్క్ చప్పుడు చేస్తున్నా, కాపీ మధ్యలో ఆగిపోతున్నా ముందు డీడీరెస్క్యూ అనే టూల్‌తో డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తానికి అచ్చు నకలు) తీయండి, తర్వాతే మిగతావి.

తర్వాత అదే వెర్షన్. 5.7 ఫైళ్లని నేరుగా 8.0కి ఇవ్వకండి. కరెంటు పోయినట్టు ఆగిన డేటాబేస్‌ని ముందు దాని సొంత వెర్షన్‌లోనే లేపాలి. నాకు తేలికగా అనిపించింది డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని మిగతావాటితో కలవకుండా విడిగా నడిపే టూల్): 5.7 ఇమేజ్ తీసుకుని, కాపీ చేసిన ఫోల్డర్‌ని దానికి తగిలించి, ఫైళ్ల ఓనర్‌ని ఆ ఇమేజ్‌లో మైఎస్‌క్యూఎల్ యూజర్ నంబరైన 999కి మార్చాను. పాత కాన్ఫిగ్ ఫైల్ దొరికితే పేజ్ సైజు (డేటా ఫైల్లో ఒక్కో ముక్క సైజు), డేటా ఫైల్ సెట్టింగులు అందులోంచే తీసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. సర్వర్ లేవకపోతే ఐబీ లాగ్‌ఫైళ్లు డిలీట్ చేయమని చాలామంది సలహా ఇస్తారు. వద్దు. కమిట్ అయ్యి (సేవ్ ఖరారై) ఇంకా టేబుల్ ఫైల్లోకి చేరని ఎంట్రీలు వాటిలోనే ఉంటాయి. ఆ షాపులో చివరి రోజు బిల్లులు నిలబడింది వాటి వల్లే.

అయినా లేవకపోతే ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ సెట్టింగ్. 1తో మొదలుపెట్టి ఒక్కొక్క అంకె పెంచండి, లేచిన చోట ఆగి వెంటనే డంప్ తీయండి. 4 నుంచి పైకి వెళ్తే ఫైళ్లు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది, అందుకే ముట్టుకోకుండా పక్కన పెట్టిన ఆ కాపీ. మాకు 1తోనే లేచింది గానీ బిల్లుల టేబుల్ దగ్గర డంప్ తెగిపోయింది, మధ్యలో ఒక పేజీ చెడిపోయి ఉంది. ఐడీ వరుసలో పై నుంచి తెగే దాకా తీశాను, తర్వాత ఐడీని తిరగేసి కింది నుంచి పైకి తీసుకొచ్చాను. మధ్యలో మిగిలిన కొద్ది బిల్లుల్ని షాపువాళ్లు కాగితం కాపీలు చూసి మళ్లీ ఎక్కించుకున్నారు.

ఐబీడేటా1 దొరకకపోతే దారి పొడుగవుతుంది, మూసుకుపోదు. కొత్త 5.7లో అదే నిర్మాణంతో ఖాళీ టేబుల్ సృష్టించి, డిస్కార్డ్ టేబుల్‌స్పేస్ కమాండ్ ఇచ్చి, పాత ఐబీడీ ఫైల్ (ఆ టేబుల్ డేటా ఉన్న ఫైల్) అక్కడ పెట్టి, ఇంపోర్ట్ టేబుల్‌స్పేస్ కమాండ్ ఇవ్వాలి. ఖాళీ టేబుళ్ల నిర్మాణం మీకు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల దగ్గర ఉంటుంది, అడగండి. స్కీమా (టేబుల్ నిర్మాణం) కలవడం లేదంటే రో ఫార్మాట్ (వరుసల్ని ఫైల్లో దాచే పద్ధతి) చూడండి. 5.6 కాలంలో పుట్టిన టేబుల్ కాంపాక్ట్‌గా ఉంటుంది, 5.7 మామూలుగా డైనమిక్ పెడుతుంది.

టేబుళ్లలో తెలుగు పేర్లుంటే డంప్ తీశాక ఒకసారి తెరిచి చూడండి. పాత సాఫ్ట్‌వేర్లు లాటిన్1 (ఇంగ్లిష్ లాంటి యూరప్ భాషల అక్షరాల కోడ్) కాలమ్‌లో తెలుగుని తోసేవి. అలాంటప్పుడు డంప్ కూడా క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని ఇచ్చి తీస్తేనే అక్షరాలు చెడకుండా వస్తాయి. అన్ని భాషలకీ పనికొచ్చే యూటీఎఫ్8ఎంబీ4 కోడ్‌కి మార్చుకోవడం డంప్ ఫైల్లో తర్వాత చేసుకోవచ్చు.

ఐబీడేటా1 ఉందో లేదో చూసి, సర్వర్ లేపినప్పుడు ఎర్రర్ లాగ్‌లో వచ్చిన చివరి లైన్లు పెట్టండి. ఎక్కడ ఆగుతోందో చూసి చెప్తాను.