ఈ-కోలైలో చేసిన హ్యూమన్ టీఎన్‌ఎఫ్-ఆల్ఫా: ప్యూరిటీ 95 శాతం ఉంటే మాక్రోఫేజ్‌ల మీద వాడొచ్చా?

మాక్రోఫేజ్‌ల (రోగనిరోధక కణాలు) మీద వేసే టీఎన్‌ఎఫ్ (వాపు సంకేతమిచ్చే ప్రొటీన్) లేబుల్ మీద ప్యూరిటీ 95 శాతం పైనే అని ఉంది కదా, అది చాలా, లేక ఎక్కువ ధర పెట్టి క్షీరద కణాల్లో చేసిన టీఎన్‌ఎఫ్ కొనాలా అని అడిగారు.

టీఎన్‌ఎఫ్ వరకైతే బ్యాక్టీరియాలో చేసిందే చాలు. ఒక్కో గొలుసులో 157 అమైనో ఆమ్లాలు, మూడు గొలుసులు కలిస్తే పనిచేసే ట్రైమర్. దానికి చక్కెర గొలుసులతో పనిలేదు. అదే ఎరిత్రోపోయిటిన్ (ఎర్ర రక్తకణాలని పెంచే హార్మోన్) అయితే బరువులో సుమారు 40 శాతం చక్కెరలే. మామూలు ఈ-కోలై వాటిని తగిలించలేదు కాబట్టి అక్కడ నా సలహా వేరేగా ఉండేది.

మీరు అసలు చూడాల్సింది ఎండోటాక్సిన్, అంటే ఎల్‌పీఎస్ (లైపోపాలీశాకరైడ్). ఆ 95 శాతం సాధారణంగా జెల్ నడిపి, కుమాసీ రంగు వేసి చెప్పే లెక్క. కుమాసీ పట్టేది ప్రొటీన్‌నే. ఈ-కోలై బయటి పొర నుంచి వచ్చే ఎల్‌పీఎస్ ప్రొటీన్ కాదు, కాబట్టి బ్యాండ్ ఎంత శుభ్రంగా కనిపించినా అది అందులో ఉండొచ్చు. మాక్రోఫేజ్‌లు దాన్ని టీఎల్‌ఆర్4 అనే గ్రాహకంతో ఇట్టే పసిగడతాయి. పైగా టీఎన్‌ఎఫ్ తగిలినా, ఎల్‌పీఎస్ తగిలినా ఎన్‌ఎఫ్-కప్పా-బీ (వాపు జన్యువులని ఆన్ చేసే ప్రొటీన్) మేల్కొంటుంది, ఐఎల్-6 (మరో వాపు సంకేత ప్రొటీన్) పెరుగుతుంది. పెరిగింది దేనివల్లో ప్లేటు చూసి చెప్పలేం.

మా ల్యాబ్‌కి ఒక కంపెనీ (పేరెందుకులెండి) పంపిన వయల్‌తో ఐఎల్-6 బ్రహ్మాండంగా వచ్చింది. మా సీనియర్‌కి ఎందుకో అనుమానమొచ్చి, అదే ప్రొటీన్ కొంచెం 95 డిగ్రీల దగ్గర ఉడికించి వేయమన్నారు. ఉడికిస్తే టీఎన్‌ఎఫ్ పాడవ్వాలి, స్పందన పోవాలి. ఐఎల్-6ని రంగుతో కొలిచే ఎలైసా ప్లేటులో చూస్తే ఉడికించినదీ ఉడికించనిదీ పక్కపక్కన దాదాపు ఒకే పసుపు! ఆ కాసేపటి వేడి ఎల్‌పీఎస్‌కి ఒక లెక్క కాదు. గాజు సామాను మీద దాన్ని పోగొట్టాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. ఎల్‌పీఎస్‌ని పట్టేసుకునే పాలీమిక్సిన్-బీ కలిపిన బావుల్లో మాత్రం రంగు పడిపోయింది. ఆ లాట్ పక్కన పెట్టేశాం. మీరూ ఈ రెండు కంట్రోళ్లు తప్పక పెట్టుకోండి.

కొనేముందు మైక్రోగ్రాముకు ఎన్ని ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్లు) అన్నది చూడండి. 1 ఈయూ అంటే సుమారు 100 పికోగ్రాముల ఎల్‌పీఎస్. మైక్రోగ్రాముకు 1 ఈయూ ఉన్న సరుకుని మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల చొప్పున వేస్తే పడేది 1 పికోగ్రామే, పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. 100 నానోగ్రాములు వేస్తే 10 పికోగ్రాములు. ప్రైమరీ కణాలతో (శరీరం నుంచి నేరుగా తీసినవి) అది రిస్కే. 0.1 ఈయూ కన్నా తక్కువని రాసి ఉన్నది తీసుకోండి, అదీ మీకొచ్చే లాట్‌కి కొలిచిన అంకె అడిగి మరీ. ప్రొటీన్ పనిచేస్తోందా లేదా అన్నదానికి అది ఎల్929 అనే ఎలుక కణాలని చంపుతుందా అని చూసే పరీక్ష ఫలితం ఇస్తారు, అదీ చూడండి.

వయల్ రాగానే ఖాళీగా కనిపిస్తుంది, కంగారు పడకండి. పొడి గోడకి అంటుకుని ఉంటుంది, మూత తీసేముందు ఒకసారి స్పిన్ చేయండి. వోర్టెక్స్ (మెషీన్‌తో గట్టిగా గిలకొట్టడం) వద్దు. డేటాషీట్ చెప్పినట్టు కరిగించి, చిన్న భాగాలుగా చేసి మైనస్ 80లో పెట్టండి. ట్యూబ్ గోడకి ప్రొటీన్ అంటుకోకుండా 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) కలుపుతారు కదా, ఎలైసా బ్లాకింగ్‌కి వాడే డబ్బాలోది మాత్రం వేయకండి. దాంట్లోనూ ఎండోటాక్సిన్ ఉండొచ్చు, సెల్ కల్చర్ గ్రేడ్‌ది వేరే తెప్పించుకోండి.