పాత్ర ఇల్లు కదలనంటే ఏం చేయాలి? నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. మీ కథలో భార్య పోయిన రిటైర్డ్ టీచర్ మిర్యాలగూడ ఇంట్లో వాలుకుర్చీలో కూర్చుని మూడు అధ్యాయాలుగా ఆలోచిస్తూనే ఉన్నాడు, కథ ముందుకు పోవడం లేదు అన్నారు. ఊరు మారిస్తే ఫలితం ఉంటుందా, రాసే మనిషికి కూడా స్థలం మార్పు పనిచేస్తుందా అని అడిగారు. రెండింటికీ అవుననే చెప్తాను. అది ఎలా పనిచేస్తుందో తెలియడానికి మాత్రం నాకు ఏడాది పట్టింది.

నాది నల్గొండ. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం మీద ఒక పెద్ద కథ మొదలుపెట్టాను. అందులో ఒక ముసలామె. పళ్ల మీద గార, వంగని మోకాళ్లు, బోరు దగ్గర బిందెల వరస, అన్నీ రాశాను. నలభై పేజీలైనా ఆమె మనిషి కాలేదు, జబ్బుగానే మిగిలింది.

ప్రశాంతంగా కూర్చుంటే వస్తుందేమోనని పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయేదాన్ని. గర్భగుడిలో లింగం వెనక పడే నీడ, పొద్దు ఎటు తిరిగినా అక్కడే ఉంటుంది. బయటి ఊళ్లవాళ్లు దాని ముందు నిలబడిపోతారు, ఏ స్తంభం నీడో అని తలలు తిప్పి తిప్పి చూస్తారు. నాకది చిన్నప్పటి నుంచి తెలిసిన నీడ, కళ్లు దాని మీద ఆగవు. ఒక్క వాక్యం రాకుండా ఇంటికి వచ్చేదాన్ని.

ఆ తర్వాతి ఎండాకాలం అక్క మనవడి పుట్టువెంట్రుకలకు అమ్మను తీసుకుని కొల్లాపూర్ పోయాను. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, బస్సులు మారుకుంటూ. మర్నాడు అందరం దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల పోయాం. కింద శ్రీశైలం డ్యామ్ నీటిమట్టం నిండుగా 885 అడుగులకు చేరితే, వెనక్కి తన్నిన నీళ్లతో ఇక్కడ కృష్ణ సముద్రంలా ఉంటుందట. మేం పోయేసరికి నీళ్లు బాగా తగ్గాయి. ఏటా ఆ రోజుల్లోనే అవతలి వైపు సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి కొంచెం కొంచెంగా బయటపడుతుంది. తగ్గినా సరే, కంటికి ఆనినంత దూరం నీళ్లే.

అమ్మ ఆఖరి మెట్టు మీద కూర్చుంది. చెంబు ముంచింది, నిండా కాదు, సగానికి. కుడికాలి మీద పోసుకుంటూ, ఆ నీళ్లు జారే చోట ఎడమకాలు పెట్టింది. ఆ సగం చెంబుతోనే రెండు పాదాలూ రుద్ది కడిగింది. అడుగున ఒక గుక్కెడు మిగిలాయి. వాటిని నదిలో వంపలేదు. మెల్లగా మెట్లెక్కి, పైన ఉన్న వేపమొక్క మొదట్లో పోసి చెంబు బోర్లించింది.

మర్రిగూడలో ఇప్పుడు ఇంటింటికీ సర్కారు మిషన్ భగీరథ నల్లా ఉంది, అందులో వచ్చేదీ కృష్ణ నీళ్లే. అమ్మ చేయి మాత్రం ఇంకా ఆ పాత బిందెల వరసలోనే ఉంది. ఇంట్లోనూ ఇలాగే కడుక్కుంటుంది, మేమందరం దాదాపు అంతే, అందుకే నాకు ఎన్నడూ కనబడలేదు. నది పక్కన చూశాకే కనబడింది. నాకు గొంతు పట్టేసింది, అక్క ఏమైందే అని అడిగితే చెప్పలేకపోయాను.

కొల్లాపూర్‌లో ఉన్న వారం రోజులూ నేను ఒక్క ముక్క రాయలేదు. మామిడిపండ్లు తిన్నాను, పిల్లలతో ఆడాను. నల్గొండ వచ్చాక ముసలామెను నది ఒడ్డుకు తీసుకుపోయి మళ్లీ మొదలుపెట్టాను. నలభై పేజీలు పదకొండు అయ్యాయి. ఫ్లోరైడ్ అనే మాట అందులో ఒక్కసారే వస్తుంది.

అట్లని ఎక్కడికి తోలినా పనవుతుందని అనుకోవద్దు. అంతకుముందే ఒక పాలమూరు కూలీని బొంబాయి పంపి చెడగొట్టాను. నేను చూడని ఊరు, ఎత్తైన బిల్డింగులు, సముద్రం అని రాసి పెట్టాను. అక్కడ పనిచేసి వచ్చిన మా వీధి పెద్దాయన చదివించుకుని విని, "వీడు తినేది ఏంది బిడ్డా?" అన్నాడు. గుంపు మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు, రేకుల షెడ్డు, ఇంటి నుంచి మోసుకుపోయిన జొన్నపిండి ఎన్ని రోజులొస్తుందన్న లెక్క, అవన్నీ ఆయన చెప్తేనే తెలిశాయి. మనిషి అక్కడ ఏం వెతుక్కుంటాడో తెలియకుండా ఊరు మారిస్తే వెనక గోడకు కొత్త రంగు వేసినట్టే.

ఇంకొకటి. మన దగ్గర ఊరికే ఎవరూ ఊరు పోరు. పెళ్లికో, చావుకో, దవాఖానకో, పనికో, జాతరకో పోతారు. ఆ పని మీ పాత్రకు ఇవ్వండి. మనసు బాగాలేదని బయల్దేరిన మనిషి అక్కడ కూడా కుర్చీ వెతుక్కుని కూర్చుంటాడు.

మీ టీచర్ భార్యది గద్వాల అని రాశారు కదా. ఆయన్ను అక్కడికి పంపండి. ఆమె పేరు మీదున్న భూమి కాగితమో, అన్న కొడుకు పెళ్లో, ఏదో ఒకటి. ఆయన నలభై ఏళ్లు ఒక పేరుతో పిలిచిన మనిషిని, అక్కడ చిన్నప్పటి ముద్దుపేరుతో తలచుకునే ముసలివాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. ఆ పేరు ఆయన మొదటిసారి వింటాడు. నేనైతే నాలుగో అధ్యాయం అక్కడ మొదలుపెడతాను.