లైసెన్సు రాయకుండా సర్క్యూట్ డిజైన్‌ను బహిరంగంగా పెడితే ఎవరైనా వాడుకోవచ్చా?

లైసెన్సు లేకుండా పెట్టిన డిజైన్ ఫైళ్లను నకలు చేసి పంచే హక్కు సాధారణంగా ఎవరికీ రాదు గానీ, ఆ సర్క్యూట్ పనిచేసే పద్ధతిని గ్రహించి సొంతంగా బోర్డు గీసి అమ్ముకునేవారిని కాపీరైటు ఆపలేదు. కాపీరైటు గీతకూ రాతకూ కోడ్‌కూ వర్తిస్తుందే తప్ప పనితీరుకు వర్తించదు. పనితీరును కాపాడేది పేటెంటు, అది ఖర్చుతో కూడుకున్నది, పైగా ముందే బయటపెట్టేసిన ఆవిష్కరణకు భారతదేశంలో చాలావరకు దొరకదు. ప్రయోగాలకు వాడే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఆర్డుయినో ఊనో డిజైన్, షరతులతో నకలు చేసి పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైనందున దాని నకళ్లు చట్టబద్ధంగానే అమ్ముడవుతున్నాయి, కాని ‘ఆర్డుయినో’ అన్న పేరు ట్రేడ్‌మార్కు కాబట్టి అనుమతి లేకుండా దాన్ని వాటిపై ముద్రించకూడదు. నెట్‌లో కనిపించేదంతా ఉచితమేననుకోవడం అపోహ. సాఫ్ట్‌వేర్ లైసెన్సునే అతికిస్తే చాలుననుకోవడం అంతకన్నా చిక్కైనది, ఎందుకంటే అది కోడ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినదే తప్ప బోర్డు తయారీని కాదు. ఆ లోటు తీర్చడానికే యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 2011లో ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సును తెచ్చింది.