టెస్టోస్టెరాన్ తక్కువని తేలాక జిమ్‌లో ఎలా మొదలుపెట్టాలి: నా అనుభవం

మీ వయసు 36 అనీ, రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను 240 వచ్చిందనీ, నీరసంగా ఉంటోందనీ, పొట్ట పెరిగిందనీ రాశారు. ముందు ఆ హార్మోను ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఆ తరువాత జిమ్‌లో చేరాలా, లేక ఇప్పుడే చేరవచ్చా, అసలు ఈ స్థితిలో కండ పడుతుందా అని అడిగారు. ఇప్పుడే చేరండి. కండ పడుతుంది, కాకపోతే పక్క బెంచీ మీది పాతికేళ్ల కుర్రవాడికి పట్టినంత త్వరగా పట్టదు. ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సలో భాగంగా మందులతో టెస్టోస్టెరాన్‌ను దాదాపు అడుగంటించిన పెద్దవారి చేత క్రమం తప్పకుండా బరువులు ఎత్తిస్తే వారికి సైతం బలం పెరిగిందని చూపిన పరిశోధన 2003లోనే వచ్చింది. వారికి సాధ్యమైనది మీకు సాధ్యం కాదని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

నాది విజయనగరం. ఒక కర్మాగారంలో చాలా ఏళ్లుగా షిఫ్టుల్లో పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట, 41వ ఏట, నా బరువు 91 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 106. మన దేశపు మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. రాత్రి షిఫ్టు దిగి, దారిలో ఇడ్లీ తిని, పదకొండున్నరకు ల్యాబులో రక్తం ఇస్తే 212 వచ్చింది. నిద్రపోయారా అని గానీ, ఏమైనా తిన్నారా అని గానీ అక్కడ ఎవరూ అడగలేదు. ఆ కాగితం పట్టుకొని విశాఖపట్నంలో ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరికి వెళితే ఆవిడ దాన్ని పక్కన పెట్టేసి, సెలవు పెట్టి మూడు రాత్రులు ఇంట్లో నిద్రపోయి, పరగడుపున, ఉదయం ఎనిమిది గంటలకు మళ్లీ రక్తం ఇమ్మన్నారు. ఈ హార్మోను ఉదయం ఎక్కువగా ఉండి పొద్దెక్కే కొద్దీ తగ్గుతుంది కాబట్టి, రెండు వేర్వేరు రోజుల్లో ఉదయం ఇచ్చిన పరీక్షలు రెండూ తక్కువ వస్తేనే తక్కువ అనాలని ఆవిడ వివరించారు. అలా ఇచ్చినవి 258, 266 వచ్చాయి. అమెరికా యూరాలజీ సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాములను హద్దుగా పెట్టింది, ఎండోక్రైన్ సొసైటీ పెట్టుకున్న హద్దు 264. అంటే వైద్యుల లెక్కల్లోనే నేను ఒక గీతకు కింద, మరో గీతకు అటూ ఇటూ ఉన్నాను. కాబట్టి మీ 240 ఎన్ని గంటలకు ఇచ్చిన రక్తంలోదో ముందు చూసుకోండి.

ఆ తరువాత ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, థైరాయిడ్, మూడు నెలల సగటు చక్కెర పరీక్షలు చేయించారు. మొదటి రెండూ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చి వృషణాలకు పని చెప్పే హార్మోన్లు, ప్రొలాక్టిన్ కూడా ఆ గ్రంథిదే. నాకు ఎల్‌హెచ్ పెరగలేదు, ప్రొలాక్టిన్ సరిగ్గానే ఉంది, చక్కెర 6.2 వచ్చింది. లోపం వృషణాల్లో లేదనీ, బరువూ నిద్రలేమీ కలిసి మెదడు నుంచి వెళ్లే ఆజ్ఞను బలహీనపరుస్తున్నాయనీ, మందు ఇప్పుడే వద్దనీ డాక్టరుగారు చెప్పారు. ఎల్‌హెచ్ బాగా ఎక్కువగా వచ్చినవారిదీ, తలనొప్పితో పాటు చూపు మందగించినవారిదీ నా దారి కాదు. వారికి మందో, పిట్యూటరీ గ్రంథికి చికిత్సో అవసరం కావచ్చు, అప్పుడు ఏ సంకోచమూ లేకుండా దానికి ఒప్పుకోవాలి.

ఇక జిమ్ సంగతి. మొదటి రోజు ఉదయం ఆరు గంటలకు వెళ్లాను. ట్రైనర్ కుర్రవాడు మంచివాడే గానీ, నా వయసూ రిపోర్టూ వినకముందే బెంచీ మీద పడుకోబెట్టి, రాడ్డుకు అటు ఐదు ఇటు ఐదు కిలోల ప్లేట్లు తగిలించి, పన్నెండు సార్లు కొట్టమని చెప్పి, ఫోను మోగితే బయటికి వెళ్లాడు. ఆరోసారి రాడ్డు రొమ్ము మీదికి దిగి ఇక లేవలేదు. పాటల హోరులో నేను పిలిచిన పిలుపు ఎవరికీ వినబడలేదు. రాడ్డు మీది గరుకు గీతలు బనియను లోంచి ఒత్తుకుపోతున్నాయి, ఊపిరి సగమే అందుతోంది, పైన ట్యూబులైటు తప్ప మరేమీ కనబడటం లేదు. ఇంతలో రెండు ముసలి చేతులు వచ్చి రాడ్డును మధ్యలో పట్టుకొని కొక్కేల మీద పెట్టేశాయి.

ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నెల్లిమర్ల వైపు ఊరు, కుర్రతనంలో వెయిట్‌లిఫ్టింగ్ చేసినవారు. ఆ పక్కనే ఉన్న కొండవెలగాడ లాంటి పల్లె నుంచి ఎందరు లిఫ్టర్లు వచ్చారో మా జిల్లాలో అందరికీ తెలుసు. ఆయన ప్లేట్లు రెండూ తీసి కింద పెట్టి, "బాబూ, ఉత్త రాడ్డే ఇరవై కిలోలు. నీకు నెల రోజులు అది చాలు," అన్నారు. మరునాడు ఆ రాడ్డు కూడా ఇవ్వలేదు. మూల నున్న కర్ర ఒకటి భుజాల మీద పెట్టించి గుంజీ తీసినట్టు కూర్చోమన్నారు. జేబులోంచి పాత బస్సు టిక్కెట్టు తీసి, మధ్యకు చింపి, నా రెండు మడమల కింద చెరో ముక్కా పెట్టి, నేను కూర్చున్నప్పుడల్లా ఒకదాన్ని లాగి చూసేవారు. కాగితం చేతిలోకి వచ్చిందంటే మడమ లేచినట్టు, ఆ సారి లెక్కలోకి రానట్టు. కాగితం ఒక్కసారి కూడా ఊడకుండా పది సార్లు కూర్చోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. జిమ్‌లో నేను పొందిన చదువంతా ఆ తొమ్మిది రోజుల్లోనే ఉందని నా నమ్మకం.

ఆయన పెట్టిన క్రమమే ఇప్పటికీ పాటిస్తున్నాను. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడుపు, ఒక్కో పూట నలభై నిమిషాలు. స్క్వాట్ (బరువుతో గుంజీ), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకొని రాడ్డు ఎత్తడం), నడుము వంచి రాడ్డును పొట్ట వైపు లాగడం, నేల మీది బరువును లేపి నిలబడటం, చివర రెండు చేతుల్లో డంబెల్స్ పట్టుకొని గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవడం. ఒక్కోటి ఎనిమిదేసి సార్ల చొప్పున మూడు సెట్లు. ఇంకా రెండు సార్లు చేయగలననిపించగానే ఆపేయాలి. వరుసగా రెండు పూటలు శుభ్రంగా వస్తేనే రెండున్నర కిలోలు పెంచాలి. మధ్యలో ఒకసారి ఉత్సాహం కొద్దీ వారానికి ఐదు రోజులు వెళ్లి చూశాను. మూడో వారానికే మోచేయి నొప్పి పట్టుకొని, నిద్ర చెడి, బరువులు వెనక్కి తగ్గాయి. హార్మోను తక్కువున్న శరీరం తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుందని నేను గట్టిగా చెబుతాను. వీటన్నిటికీ ఒక నోటుపుస్తకం పెట్టుకొని తేదీ, నిద్రపోయిన గంటలు, ఎత్తిన బరువు రాసుకోండి. ల్యాబు కాగితం కన్నా ఆ పుస్తకమే మీ సంగతి ఎక్కువ చెబుతుంది.

స్క్వాట్లు తీస్తే టెస్టోస్టెరాన్ పెరుగుతుందని జిమ్‌లో అందరూ అంటారు. వ్యాయామం వెంటనే వచ్చే ఆ పెరుగుదల కాసేపటికే దిగిపోతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నిలిచే లాభం పొట్ట తగ్గడంలో ఉంది. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది, దానికి తోడు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కూడా ఈ హార్మోనును అణచివేస్తుంది. కండకు పని చెప్పి కొవ్వును తగ్గించుకోవడం అందుకే అవసరం.

చేరిన రోజే ఏడాది ప్యాకేజీ కట్టించుకోవడమూ, దానితో పాటే వేల రూపాయల ప్రోటీన్ డబ్బా అంటగట్టడమూ నాకు ఎంతో బాధ కలిగించే విషయాలు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే సూచించింది. నేను రోజుకు మూడు గుడ్లు, మధ్యాహ్నం గట్టిపప్పు, రాత్రి చేపలో ఉలవచారో, ఒక కప్పు పెరుగు తీసుకుంటూ, అన్నాన్ని సగానికి తగ్గించాను. డబ్బా కొనలేదు.

డబ్బా కన్నా ప్రమాదకరమైనది నాలుగో నెలలో ఎదురైంది. బరువు ఒకచోట ఆగిపోయి నేను దిగులుగా ఉన్న రోజున, లాకర్ల దగ్గర ఒక కుర్రవాడు న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టిన చిన్న గాజు ఆంప్యూల్ తీసి నా అరచేతిలో పెట్టాడు. లోపల నూనెలాంటి పసుపు ద్రవం. "పన్నెండు వారాలు వేసుకోండన్నా, మీ రిపోర్టే మారిపోతుంది," అన్నాడు. అప్పటికి మేము రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. నేను దాన్ని తిరిగి ఇచ్చేసి, తరువాతి సందర్శనలో డాక్టరుగారిని అడిగాను. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కించుకుంటే మెదడు ఇక అవసరం లేదనుకొని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోవచ్చు, మానేశాక మళ్లీ రావడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. రక్తం చిక్కబడుతుంది, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే వైద్యులు మందు ఆపేస్తారు. ఇవన్నీ చెప్పకుండా, ఏ పరీక్షా లేకుండా, పిల్లలు కావాలనుకునే వయసు కుర్రవాళ్లకు లాకర్ల దగ్గర ఆ సూది చేతులు మారుతోంది. మీరు పెట్టుకునే ఇంజెక్షన్ ఆలోచన కూడా ఎండోక్రైనాలజిస్టు ఎదుట కూర్చొని చేయవలసినదే. పిల్లలు కావాలనుకుంటున్నట్లయితే ఆ మాట మొట్టమొదట చెప్పండి.

నిద్ర గురించి చెప్పకుండా ఆపలేను. పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను వారం పాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ పది నుంచి పదిహేను శాతం తగ్గిందని షికాగో విశ్వవిద్యాలయం వారు 2011లో ప్రచురించారు. నా విషయంలో గురకను పట్టుకున్నది నా భార్య. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని ఆమె చెప్పాకనే పరీక్ష చేయిస్తే స్లీప్ అప్నియా అని తేలింది. రాత్రి షిఫ్టు దిగిన రోజున జిమ్‌కు వెళ్లడం మానేసి కిటికీలకు దుప్పటి కట్టుకొని పడుకోవడం మొదలుపెట్టాకే నా నోటుపుస్తకంలో అంకెలు కదిలాయి.

ఈ సంగతులను మగవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడానికి రైల్వే గేట్ల దగ్గర గోడల మీద కనిపించే మగతనం మందుల ప్రకటనలే కారణమని నా అభిప్రాయం. ఒక హార్మోను లెక్కకు మగతనమని పేరు పెట్టి భయపెడితే, చక్కెర పరీక్షకు వెళ్లినంత మామూలుగా ఈ పరీక్షకు ఎవరు వెళతారు?

పద్నాలుగు నెలలకు నా బరువు 79 కిలోలు, నడుము 92, చక్కెర 5.6, ఉదయపు టెస్టోస్టెరాన్ 384. మీకూ ఇవే అంకెలు వస్తాయని అనను. అయితే మొదటి రెండు నెలల్లో అద్దంలో ఏ మార్పూ కనబడదని, మెట్లెక్కేటప్పుడే ముందు తెలుస్తుందని మాత్రం చెప్పగలను. ఈ వారంలో ఒక ఉదయం పరగడుపున రెండో పరీక్షకు రక్తం ఇవ్వండి. దాని ఫలితం కోసం ఆగకుండా జిమ్‌లో ఒక్క నెలకే డబ్బు కట్టండి. బరువులు మొదలుపెట్టేముందు రక్తపోటు చూపించుకోండి. ఆ తరువాత ప్రతి నెలా ల్యాబుకు పరుగెత్తకుండా, ఆరు నెలలకు ఒకసారి, అదే ల్యాబులో, అదే సమయానికి పరీక్ష చేయించుకుంటే చాలు.