కుక్కపిల్లను ఇంటికి తెచ్చే ముందు: శ్రావణికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి శ్రావణికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. పిల్లలిద్దరూ కుక్కపిల్ల కావాలని పట్టుబట్టారనీ, అల్లుడుగారు లాబ్రడార్ తెద్దామంటున్నారనీ, మీ అత్తగారు మాత్రం ఇంకా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదనీ నువ్వు రాసిన సంగతులన్నీ చదివాను. ఏ జాతి అయితే బాగుంటుందని అడిగావు. దానికన్నా ముందు తేల్చుకోవలసినది ఇంకొకటి ఉంది. ఇంట్లో ఉన్న ఐదుగురూ ఆ కుక్కతో ఒకే విధంగా మెలగగలరా అన్నదే అది. చిన్నప్పటి నుంచీ కుక్కలున్న ఇంట్లోనే బతికినవాణ్ణి, ఊళ్ళో ఎవరి కుక్క మాట వినకపోయినా నా దగ్గరకే తీసుకొస్తారు కనుక చెబుతున్నాను: అలా వచ్చినవాటిలో మొండి కుక్కలు చాలా తక్కువ. ఒకరు వద్దన్నదానికి ఇంకొకరు ముద్దు చేసి రమ్మనడం వల్ల ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో తేల్చుకోలేకపోయిన కుక్కలే ఎక్కువ.

కాబట్టి పిల్లను తేకముందే ఒక సాయంత్రం అందరూ కూర్చుని మాట్లాడుకోండి. సోఫా ఎక్కనిస్తారా, వంటింట్లోకి రానిస్తారా, భోజనాల దగ్గర చేతిముద్ద పెడతారా అన్నవి ఆ రోజే తేలిపోవాలి. మీ అత్తగారి అభ్యంతరం మడి గురించి, పూజగది గురించి అని రాశావు. అది తీర్చగలిగినదే. మొదటి రోజు నుంచీ పూజగది గడప దాటనివ్వకపోతే కుక్క ఆ గడప బయటే పడుకోవడం నేర్చుకుంటుంది. అయితే ఆవిడ చేత ఊరికే సరే అనిపించుకోవడం చాలదమ్మా. నువ్వూ అల్లుడుగారూ ఆఫీసులకూ పిల్లలు బడికీ వెళ్ళిపోయాక పగలంతా ఆ పిల్లతో ఉండవలసినది ఆవిడే. దాని మూత్రం తుడవవలసినదీ, అరుపులు భరించవలసినదీ ఆవిడే. ఆవిడ ఇష్టపడి ఒప్పుకునే దాకా ఆగండి. ఒకవేళ ఆవిడ చివరకు వద్దంటే మానుకోవడమే న్యాయం.

ఇక జాతి సంగతి. లాబ్రడార్ పిల్లలున్న ఇంటికి మంచిదే, నేర్పితే త్వరగా నేర్చుకుంటుంది. కానీ రోజూ రెండు పూటలా తిప్పకపోతే మీ చెప్పులూ తలుపు చెక్కలూ మిగలవు. దాని తిండియావ కూడా మామూలుది కాదు. ఆకలిని అదుపులో ఉంచే ఒక జన్యువులో సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌కు లోపం ఉంటుందని కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు. అది అడిగినప్పుడల్లా పెట్టడం ప్రేమ అనుకుంటే రెండేళ్ళు తిరిగేసరికి ఊబకాయంతో కీళ్ళ నొప్పులు మొదలవుతాయి. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి చలిదేశపు కుక్కలను మన ఎండల్లోకి తెచ్చి ఏసీ గదిలో బంధించడం నాకు ఎంతమాత్రం నచ్చదు. పగ్ ముక్కు చప్పిడిది కనుక వేసవిలో ఊపిరికే ఇబ్బంది పడుతుంది. మా కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాచిన జోనంగి ఉంది చూశావా, బొచ్చు దాదాపు లేనట్టే ఉండి మన ఎండకు చక్కగా తట్టుకునే జాతి. కానీ అది చేలగట్ల మీద పరుగెత్తవలసిన కుక్క, మూడో అంతస్తు ఫ్లాటులో దాన్ని కట్టేయడం పాపం. నన్నడిగితే ఆరోగ్యంగా ఉన్న నాటు కుక్కపిల్లను దత్తత తీసుకున్నా తప్పులేదంటాను. అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ మీ హైదరాబాద్‌లోనే ఉంది, ఒకసారి వెళ్ళి చూడండి.

కొనేటట్లయితే ఎనిమిది వారాలు నిండని పిల్లను ఎంత ముద్దుగా ఉన్నా తీసుకోవద్దు. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్న పిల్లను అమ్మడమే తప్పు. ఆ నిబంధనకు కారణం కూడా ఉంది. తోబుట్టువులతో ఆడుకునేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. పంటి బిగువు ఎంత ఉండాలో కుక్కపిల్ల అక్కడే నేర్చుకుంటుంది. నెల పిల్లను తెచ్చుకున్నవాళ్ళు ఆ పాఠాన్ని తమ చేతుల మీద నేర్పవలసి వస్తుంది. తల్లిని చూపించమని అడుగు. చూపించలేకపోతే తిరిగి వచ్చెయ్యి.

మొదటి నెల అంతా మీకు మూత్రంతోనే సరిపోతుంది. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న కాసేపటికి, ఆట మధ్యలో దానికి తప్పకుండా వస్తుంది. ఆ గుర్తు పట్టడం మీ అత్తగారికి రెండు రోజుల్లో అలవాటవుతుంది: అంతదాకా బంతితో ఆడుతున్నది ఉన్నట్టుండి బంతిని వదిలేసి, ముక్కు నేలకానించి వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలోనే ఎత్తుకుని బాల్కనీలో వేసిన కాగితాల మీదికో, మీరు నిర్ణయించుకున్న చోటికో తీసుకెళ్ళాలి. అక్కడ పోసిన మరుక్షణం మెచ్చుకుని చిటికెడు తిండి పెట్టాలి. లోపలికి వచ్చి డబ్బా మూత తీసి పెట్టేసరికి అది దేనికి పెట్టారో దానికి అర్థం కాదు. రెండు సెకన్లు దాటిన మెప్పు వృథా. హాల్లో పోసేసిందనుకో, చూసినప్పుడే ఆపి బయటికి తీసుకెళ్ళు. తరువాత చూసి దాని ముక్కును అందులో రాయడం, చీపురుతో కొట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న అలవాటు. దానివల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే, మనుషులు చూడకుండా మంచం కింద పోయడం. ఫినాయిల్‌తో తుడిస్తే ఆ తడి పూర్తిగా ఆరేదాకా పిల్లను అటు రానివ్వవద్దు. అది తొక్కి, పాదాలు నాకుతుంది, ఆ మందు దాని ఒంటికి మంచిది కాదు.

మూడు నాలుగు నెలల వయసులో పాలపళ్ళు రాలడం మొదలై, ఏడో నెలకు నలభై రెండు పళ్ళు వచ్చేదాకా కనిపించినదల్లా కొరుకుతుంది. చిన్నవాడి చెప్పు నోట కరుచుకున్నప్పుడు వెంటపడి లాక్కుంటే దానికది ఆట అవుతుంది, లేదా నోట్లో ఉన్నదాన్ని గుర్రుమంటూ కాపాడుకోవడం అలవాటవుతుంది. ఉడికించిన గుడ్డు ముక్క ముక్కు దగ్గర పెట్టు. చెప్పు దానంతటదే జారిపడుతుంది. ముక్క ఇచ్చి, చెప్పు తీసుకుని, కొరకడానికి దాని బొమ్మ ఇవ్వు. చేతిని కొరికితే ఆట ఆపేసి లేచి వెళ్ళిపోవాలి. ఈ విషయంలో పిల్లలకే ముందుగా నేర్పవలసి ఉంటుంది, ఎందుకంటే వాళ్ళు కేకలు వేస్తూ పరుగెత్తుతారు, కుక్కపిల్లకు అంతకన్నా కావలసినదేముంది?

కూర్చో, ఆగు, రా, వదులు. ఈ నాలుగూ వస్తే ఇంటికుక్కకు చాలు. అల్లుడుగారు ఇంగ్లీషులో సిట్ అని, మీ అత్తగారు కూర్చోవే అని, పిల్లలు ఇంకేదో అని పిలవకుండా అందరూ ఒకే మాట వాడండి. ఒక్కోసారి ఐదు నిమిషాలకు మించి నేర్పవద్దు. రమ్మని పిలిచి, వచ్చాక తిట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఒకసారి అలా జరిగితే మళ్ళీ పిలిచినప్పుడు రావాలా వద్దా అని అది ఆలోచిస్తుంది, రోడ్డు మీద ఆ ఆలోచన ప్రాణాల మీదికి తెస్తుంది. ఆరేడు నెలలు దాటాక నేర్చుకున్నవన్నీ మరిచిపోయినట్టు ప్రవర్తిస్తుంది. ఏడాదిన్నర దాకా ఆ పెంకితనం ఉంటుంది, మళ్ళీ మొదటి నుంచి ఓపికగా నేర్పాలి. చాలామంది కుక్కలను వదిలించుకునేది సరిగ్గా ఈ వయసులోనే కనుక ముందుగానే చెబుతున్నాను.

తిండి గురించి కాస్త వివరంగా రాస్తాను. పెరుగన్నంతోనే పెరిగిన కుక్కలు మన పల్లెల్లో బోలెడు ఉన్నాయని మీ అత్తగారు అంటారు. నిజమే. కానీ అవి ఊరంతా తిరిగి ఎలుకనో, చేప తలకాయనో తిని లోటు పూడ్చుకునేవి, ఫ్లాటులో ఉన్న కుక్కకు ఆ వీలు లేదు. అన్నం అరుగుతుంది, పెట్టవచ్చు. దానితో పాటు గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం, ఉడికించిన గుమ్మడి ముక్కలో క్యారెటో ఉండాలి. లేదంటే కుక్కపిల్లల కోసం తయారైన పొడి ఆహారమే పెట్టండి. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగు సార్లు, ఆరు నెలల దాకా మూడు సార్లు, ఆపైన రెండు సార్లు చాలు. ఎముకలు గట్టిపడాలని మందుల షాపు నుంచి కాల్షియం టానిక్కు తెచ్చి పోయడం మన వైపు బాగా అలవాటు. పెద్ద జాతి పిల్లలకు చిన్న వయసులో అదనపు కాల్షియాన్ని ఆపుకునే శక్తి ఉండదు, అది లోపలికి చేరి ఎముకల ఎదుగుదలనే వంకర చేస్తుంది. డాక్టరు చెబితే తప్ప పోయవద్దు. పాయసంలోని కిస్‌మిస్, పులుసులోని ఉల్లిపాయ, పిల్లల చాక్లెట్, పంచదార లేని చూయింగ్ గమ్ దానికి విషం. ఉడికిన కోడి ఎముక విరిగి పేగులో గుచ్చుకుంటుంది. ఒళ్ళు వేడిగా ఉందని మనం వేసుకునే పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ మాత్రలు వేయవద్దు. కుక్క ఒంటి వేడి మామూలుగానే నూటొక్క డిగ్రీల పైన ఉంటుంది.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఆపైన డాక్టరు చెప్పిన గడువుకు. పార్వో అనే వైరస్ సోకిన పిల్ల నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుంది, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. అందువల్ల టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దించవద్దు. అలాగని గదిలో దాచిపెట్టినా ప్రమాదమే. పద్నాలుగో వారం లోపల చూసిన మనుషులకూ విన్న చప్పుళ్ళకూ అది జీవితమంతా అలవాటు పడి ఉంటుంది. ఆ తరువాత కొత్తవన్నీ భయాలే. చంకన ఎత్తుకుని లిఫ్టూ, ఆటో చప్పుడూ, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళూ, చేతికర్రతో నడిచే ముసలివాళ్ళూ అన్నీ చూపించండి. కుక్కర్ కూత ఎలాగూ ఇంట్లోనే వింటుంది. ఇప్పుడు తెస్తే దీపావళికి ఇంకా చిన్నదే కనుక ఆ రాత్రి తలుపులూ కిటికీలూ మూసి, ఎవరో ఒకరు దాని దగ్గరే కూర్చోండి.

రేబిస్ టీకా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా, ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఎవరి కుక్క అయినా కరిచినా, పంటి గీత పడినా సబ్బుతో ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పసుపూ కారమూ పెట్టనివ్వవద్దు. పిడుదుల కోసం వారానికి రెండు సార్లు చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వెతుకు. వాటివల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేసి, చిగుళ్ళు తెల్లబడి నీరసిస్తుంది, ఆలస్యమైతే దక్కదు.

వేసవిలో నడకకు తెల్లవారుజామునా, పొద్దు గుంకాకా మాత్రమే వెళ్ళాలి. మీ అరచేతి వెనుక భాగం తారు రోడ్డు మీద కాసేపు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆ రోడ్డుకు తట్టుకోలేవు. అపార్ట్‌మెంట్ వాళ్ళు అభ్యంతరం చెబుతారేమోనని భయపడుతున్నావు. కుక్కను పెంచవద్దని నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా ఆ కాగితం తీసుకెళ్ళి పోట్లాడడం కన్నా చేతిలో సంచీ పట్టుకెళ్ళి దాని మలాన్ని ఎత్తివేయడం, లిఫ్టులో భయపడేవాళ్ళుంటే తరువాతి లిఫ్టుకు ఆగడం వల్లే మీకు మనశ్శాంతి ఉంటుంది. మీ నగరపాలక సంస్థలో కుక్క నమోదు మాత్రం మరవవద్దు.

ఇన్ని చెప్పి నిన్ను బెదరగొట్టానేమో. సుఖం లేకపోతే మేము ఇన్నాళ్ళు ఎందుకు పెంచుతాం? మా ఇంట్లో ఉన్న కుక్క నాతో నడిచేటప్పుడు గొలుసు బిగిసేదాకా లాగుతుంది. అదే కుక్క, మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి నడిచే మీ పెద్దమ్మతో వెళ్ళేటప్పుడు అడుగు తగ్గించి, ఆవిడ ఆగినప్పుడల్లా తానూ ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. ఎవరూ నేర్పలేదు. పిల్లలకు కూడా, తమకన్నా నోరులేని ప్రాణికి వేళకు నీళ్ళు పెట్టవలసిన బాధ్యత ఉందని చెప్పకుండానే తెలుస్తుంది. కాకపోతే ఆ గిన్నె కడిగే పని వాళ్ళదేనని కాగితం మీద రాయించుకో, లేకపోతే అది కూడా మీ అత్తగారి మీదే పడుతుంది.

సంక్రాంతికి దాన్ని తీసుకుని కారులో రాదలిస్తే, బయలుదేరే ముందు రెండు మూడు గంటలు తిండి పెట్టవద్దు, వాంతి చేసుకుంటుంది. దారిలో రెండు గంటలకొకసారి ఆపి దించండి. టీకాల పుస్తకం తెచ్చుకో. పండుగ రోజుల్లో మా వీధిలో పందెం పుంజులు ఇంటింటి ముందూ కట్టేసి ఉంటాయి, ఒక్కొక్కదాని ఖరీదు వేలల్లో పలుకుతుంది; కనుక ఊళ్ళో ఉన్నన్ని రోజులూ నీ లాబ్రడార్ గొలుసు మాత్రం విప్పవద్దు.

ఇట్లు,
పెదనాన్న,
కైకలూరు.