ఫోన్‌లో మోసపోతే ముందు ఇంట్లో చెప్పండి

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఫోన్ గురించే. అన్నీ వేయడానికి చోటు లేదు, ఐదింటికి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరం చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే దానికి జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: అక్కా, మాది రాజాం దగ్గర పల్లె. నాన్నగారు రిటైరైన మాస్టారు. సీబీఐ అని ఎవరో వీడియో కాల్ చేసి, మీ ఆధార్‌తో ముంబైలో ఖాతా తెరిచి నల్లడబ్బు తిప్పారు, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, గది దాటొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నారట. రెండు రోజులు తలుపేసుకుని కూర్చుంటే ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి నాలుగున్నర లక్షలు పంపేశారు. మాకు చెప్పింది పదకొండు రోజుల తర్వాత. అన్నయ్య గట్టిగా కేకలేశాడు. అప్పట్నుంచి నాన్న సరిగ్గా అన్నం తినడం లేదు. డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత. ముందు అన్నయ్యను నాన్నగారి పక్కన కూర్చుని ఒక్క మంచి మాట చెప్పమనండి. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. జీవితంలో ఒక్కసారి కూడా పోలీస్ స్టేషన్ మెట్లెక్కనివాళ్లను, పరువుకు ప్రాణం పెట్టేవాళ్లను వెతికి మరీ చేసే మోసం ఇది. తెర మీద యూనిఫాం, వెనక గోడకు ప్రభుత్వ ముద్ర, చేతిలో కోర్టు కాగితం లాంటిది కనిపిస్తే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ఇందులో అసలు ఉచ్చు "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట. ఎందుకంటే ఆయన ఇంట్లో ఒక్కరికి చెప్పినా, అదేంటి నాన్నా, పోలీసులు వీడియో కాల్‌లో అరెస్టు చేస్తారా అని అడిగేవారు, అక్కడితో ఆట ముగిసేది.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో ఇదే విషయం చెప్పి, ఇలాంటి ఫోన్ వస్తే ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అన్నారు. విచారణ పేరుతో ఏ అధికారీ ఫోన్‌లో డబ్బు పంపమనడు.

ఇక డబ్బు. మీకు లేని ఆశ పెట్టను, పదకొండు రోజులంటే చాలా ఆలస్యం. పంపిన డబ్బు మొదట పడిన ఖాతాలో ఉండదు, గంటల్లోనే అక్కడి నుంచి మరో నాలుగైదు ఖాతాలకు పోయి, చివరికి ఎక్కడో ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది. (ఆ ఖాతాల్లో కొన్ని కమీషన్‌కు ఆశపడి కాలేజీ పిల్లలు అద్దెకిచ్చినవే. మీ ఇంట్లో పిల్లలుంటే ఈ మాట ఈరోజే చెప్పండి, కేసు వాళ్ల మీదికీ వస్తుంది.) సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదు నేరుగా బ్యాంకులకు చేరి, డబ్బు ఏ ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే అక్కడ ఆపేస్తారు. అందుకే మొదటి గంట అంత విలువైనది. అయినా మీరు ఇప్పుడు కూడా చేయండి. లావాదేవీ నంబరు, తేదీ, సమయం, ఎంత పంపారో పాస్‌బుక్ చూసి రాసుకుని 1930కి చెప్పండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఎక్కడైనా కొంత ఆగి ఉంటే కోర్టు ద్వారా వెనక్కి వచ్చే వీలుంది.

మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. డబ్బు మాటెత్తిన ఏ ఫోన్ అయినా అమ్మ పెట్టేసి నాకు చేస్తుంది, నేను ఆఫీసులో ఎంత పనిలో ఉన్నా విసుక్కోకూడదు. ఒక్కసారి విసుక్కున్నానంటే రెండోసారి ఆవిడ నాకు చెప్పదు.

ప్రశ్న: అక్కా, మాది సోంపేట. డిగ్రీ అయి రెండేళ్లయింది. టెలిగ్రామ్‌లో ఒకాయన థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ పని, నెలకు ఎనభై వేలు అంటున్నాడు. ముందు లక్షన్నర కట్టాలట, టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చట. అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెడతానంటోంది.

జవాబు: వద్దు తమ్ముడూ. తాడు ఆవిడ మెడలోనే ఉండనీ. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, డబ్బు కట్టించుకుని, మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను బ్యాంకాక్ మీదుగా కంబోడియా తీసుకెళ్లి గదుల్లో పెట్టి, మన దేశం వాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. పై ఉత్తరంలోని మాస్టారిని బెదిరించిన గొంతు కూడా అలా ఇరుక్కుపోయిన ఏ తల్లి బిడ్డదో అయి ఉండొచ్చు, ఆ ఆలోచనే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పని కోసం టూరిస్టు వీసా మీద రమ్మన్నారంటే అక్కడే ఆగిపోవాలి. విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. వాళ్లు తీసుకోగలిగే రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. లక్షన్నర అడిగిన మనిషి ఎవరో నీకే అర్థమవుతుంది.

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో నా ఫొటో తీసుకుని ఎవరో అసభ్యంగా మార్చి, ఐదు వేలు పంపకపోతే మా ఊరివాళ్లందరికీ పెడతానంటున్నాడు. నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తారు. ఏం చేయాలో తెలియడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, తప్పు నీది కాదు, ఈ మాట ముందు పదిసార్లు అనుకో. డబ్బు పంపకు, ఐదు వేలు చూసినవాడు రేపు యాభై అడుగుతాడు. భయంతో చాట్ చెరిపేయకు, అదే సాక్ష్యం. అకౌంటు పేరు, లింకు, మెసేజులు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచాక అప్పుడు బ్లాక్ చెయ్యి. నేను పైన చెప్పిన సైబర్‌క్రైమ్ వెబ్‌సైట్‌లో మహిళలపై నేరాలకు వేరే విభాగం ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181. నీకు పద్దెనిమిది నిండి ఉంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. ఫొటో నీ ఫోన్ దాటదు, దాని నుంచి తయారైన ఒక గుర్తు మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి సంస్థలకు వెళ్తుంది, ఎవరైనా అదే ఫొటో పెట్టబోతే ఆ గుర్తుతో పట్టుకుని ఆపుతారు. ఇలాంటి దృశ్యాలు పంచితే ఐటీ చట్టం 67ఎ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. ఇంట్లో పిన్నో, అక్కో, కాలేజీలో నమ్మకమైన మేడమో, ఒక్కరికైనా ఈ సాయంత్రమే చెప్పు. ఈ పేజీ చదువుతున్న నాన్నలకు: మీ అమ్మాయి మీ దగ్గరికి రాలేనప్పుడే వాడి బెదిరింపు పనిచేస్తుంది. చదువు మాన్పించాల్సినంత తప్పు ఆ పిల్ల ఏం చేసిందండీ?

ప్రశ్న: పలాసలో చిన్న జీడిపప్పు వ్యాపారం. కొత్త పార్టీ అడ్వాన్సు వేస్తానని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటున్నాడు.

జవాబు: కొట్టొద్దు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి.

ప్రశ్న: వజ్రపుకొత్తూరు దగ్గర మాది. నాకు అరవై ఎనిమిదేళ్లు. గుజరాత్‌లో బోటు మీద పనిచేసే కొడుకు పెద్ద ఫోన్ కొనిచ్చాడు. ఈ మోసాలు వింటుంటే తిరిగిచ్చేద్దామనిపిస్తోంది.

జవాబు: బాబాయ్, ఇవ్వకండి. కొడుకు మొహం రోజూ చూసుకునేది అందులోనే కదా. 2018 అక్టోబరులో తిత్లీ మీ ఊళ్ల మీదే విరుచుకుపడింది, తుఫాను ఎటు వస్తోందో ముందే తెలుసుకోవడానికి ఈ ఫోనే పనికొస్తుంది. భూమి ఉంటే ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1బీ, అడంగల్ చూసుకోవచ్చు. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో రాష్ట్ర ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే వస్తున్నాయి. మీరు చూసుకోవాల్సినవి కొన్నే. వాట్సాప్‌లో పెళ్లి పిలుపనో, రైతు డబ్బులనో ఏపీకే (.apk) అని చివర ఉన్న ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వస్తే తెలిసినవాళ్లు పంపినా తెరవొద్దు. ఓటీపీ, పిన్ కొడుక్కి కూడా ఫోన్‌లో చెప్పొద్దు. మీ వేలిముద్రతో ఎవరూ డబ్బు తీయకుండా ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించుకోండి, పింఛనుకో రేషనుకో వేలిముద్ర వేయాల్సిన రోజు తీసి మళ్లీ వేసుకోవచ్చు. ఇది మీకు కష్టమైతే ఊళ్లో సచివాలయానికి వెళ్లి, పక్కనే కూర్చుని, మీ కళ్ల ముందే చేయించుకోండి. ఫోన్ మాత్రం వాళ్ల దగ్గర వదిలి రాకండి.