తనఖా కాగితాల్లో తప్పులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకులో లోన్ తీసుకున్నాం. ఈ మధ్య మా పక్క స్థలం ఆయన తన స్థలానికి ఈసీ (ఆస్తి మీదున్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీయిస్తే అందులో మా లోన్ కనబడిందట. తీరా చూస్తే మా తనఖా దస్తావేజులో సర్వే నంబరు 87/2ఎ బదులు 87/2బి అని పడింది. బ్యాంకులో అడిగితే ‘లోన్ తీరాక చూసుకోవచ్చులెండి’ అంటున్నారు. పక్క స్థలం ఆయన మాతో మాట్లాడటం మానేశారు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక గృహిణి, తెనాలి

జవాబు: లోన్ తీరేదాకా ఆగొద్దమ్మా. దస్తావేజు మీద సంతకాలు పెట్టిన మీరూ, బ్యాంకూ ఇద్దరూ ఇప్పుడు అందుబాటులో ఉన్నారు. సవరణ దస్తావేజుకు ఇంతకన్నా సులువైన సమయం దొరకదు.

ముందు మీ కొనుగోలు దస్తావేజు తీసి షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలుండే భాగం చూడండి. అందులో 2ఎ అని సరిగ్గా ఉంటే తప్పు తనఖా దస్తావేజులోదే. బ్యాంకు అధికారితో కలిసి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సవరణ రిజిస్టర్ చేయిస్తే సరిపోతుంది. ఒకవేళ కొనుగోలు దస్తావేజులోనే 2బి అని ఉంటే పని పెరుగుతుంది. మీకు అమ్మినవారే వచ్చి సవరణ మీద సంతకం పెట్టాలి. వారు కాలం చేసి ఉంటే వారసులందరినీ ఒప్పించాలి. అలాంటి వారసుల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగిన కుటుంబాలను బ్యాంకు లోన్ల సెక్షన్‌లో పనిచేసిన రోజుల్లో దగ్గరుండి చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్యాంకుకు నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. కాగితం మీద రాసి, మీ దస్తావేజు షెడ్యూలు పేజీ, తనఖా దస్తావేజు షెడ్యూలు పేజీ, పక్కాయన ఈసీ జిరాక్సులు జతచేయండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సెర్సాయ్‌లో నమోదు చేసిన వివరాలు కూడా సరిచేయాలని అందులోనే అడగండి. సెర్సాయ్ అంటే తనఖాల వివరాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ. 2020 జనవరి 24 నుంచి అక్కడ నమోదు కాని తనఖా మీద సర్ఫేసీ చట్టం (మొండి బాకీల వసూలు చట్టం) కింద బ్యాంకు ఆస్తిని స్వాధీనం చేసుకోలేదు. కాబట్టి తప్పు నంబరు మీకెంత ఇబ్బందో బ్యాంకుకూ అంతే. ఈ మాట మేనేజరు గారితో చెప్పండి, కదులుతారు.

సవరణ అయ్యాక రెండు సర్వే నంబర్లతోనూ, దస్తావేజు నంబరుతోనూ ఈసీ మళ్ళీ తీసి ఒక కాపీ పక్కాయనకు మీరే వెళ్ళి ఇవ్వండి. ఆయన కోపం న్యాయమైనదే. ఆ ఎంట్రీ అలాగే ఉంటే రేపు ఆయన స్థలానికి లోన్ పుట్టదు.

ఇలాంటి తప్పులు ఎక్కువగా ఎలా వస్తాయంటే, కంప్యూటర్లో పాత కస్టమరు డ్రాఫ్టు తెరిచి దాని మీదే కొత్త పేర్లు కొడతారు. పేర్లు మారతాయి, షెడ్యూలులో ఏదో ఒక ముక్క పాతదే ఉండిపోతుంది. లేదా మసకగా వచ్చిన జిరాక్సు చూసి టైపు చేస్తారు. మా సెక్షన్‌లో ఒకరు అసలు దస్తావేజు పైకి చదువుతుంటే, ఇంకొకరు పెన్సిలుతో డ్రాఫ్టులో ఒక్కో మాటా టిక్కు పెట్టేవారు. నంబర్లు అంకె అంకెగా చదవాలి. ఎనభై ఏడు కాదు, ఎనిమిది, ఏడు. హద్దులు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వరసలోనే చదవాలి. విస్తీర్ణం రెండు కొలతల్లో ఉంటే లెక్క కట్టి చూడాలి. సెంటుకు 48.4 గజాలు, అంటే అయిదు సెంట్లకు 242 గజాలు. కాగితంలో అయిదు సెంట్లు, 200 గజాలు అని ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. తెలంగాణలో గుంటకు 121 గజాలు. ఇంట్లో ఇద్దరు కూర్చుంటే సంతకానికి ముందు రోజు రాత్రి అయిపోయే పని ఇది. డ్రాఫ్టు ముందుగా ఇమ్మని అడగడానికి మొహమాటపడకండి.

పేర్ల సంగతి కూడా చూసుకోండి. మనవాళ్ళకు దస్తావేజులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాన్‌లో చివర. అన్ని రూపాలూ ఒకే మనిషివని తనఖా పత్రంలోనే రాయించండి.

ప్రశ్న: హౌసింగ్ లోన్ కట్టేసి రెండు నెలలైంది. ఒరిజినల్ కాగితాలు ఇచ్చేశారు. అయినా ఈసీలో తనఖా ఇంకా కనబడుతోందని మా ఇల్లు కొనేవాళ్ళు వెనకాడుతున్నారు. – ఒక రిటైర్డ్ టీచరు, వరంగల్

జవాబు: మాస్టారూ, కాగితాలు చేతికొచ్చినంత మాత్రాన తనఖా పోదు. తనఖా రిజిస్టర్ అయి ఉంటే, బ్యాంకు అదే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో విడుదల దస్తావేజు రాసివ్వాలి. అందులో పాత తనఖా దస్తావేజు నంబరు, సంవత్సరం సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చూడండి. సెర్సాయ్‌లో కూడా తొలగించాలి.

2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం మీకు పనికొస్తుంది. వ్యక్తిగత రుణాలు, వాటిలో గృహరుణాలు కూడా, పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్స్ తిరిగివ్వడంతోపాటు రిజిస్ట్రీల్లో ఉన్న ఛార్జి (ఆస్తి మీద బ్యాంకుకున్న హక్కు) కూడా తీసేయాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఆదేశం తేదీ రాసి మేనేజరుకు లేఖ ఇవ్వండి.

ప్రశ్న: మాది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మెషినరీ టర్మ్‌లోన్ తీరింది, క్యాష్ క్రెడిట్ లోన్ నడుస్తోంది. రెండూ ఒకే బ్యాంకులో ఉన్నాయి. ఆర్‌ఓసీలో (కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర) ఏం చేయాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తీరిన లోన్‌కు 30 రోజుల్లో సీహెచ్‌జీ-4 ఫారం, అంటే ఛార్జి తీరిందని తెలిపే ఫారం వేయాలి. ఆలస్యమైతే అదనపు ఫీజుతో 300 రోజుల దాకా వీలుంటుంది. అయితే తేదీకన్నా ఛార్జ్ ఐడీ (ఒక్కో ఛార్జికి ఇచ్చే నంబరు) మీదే ఎక్కువ దృష్టి పెట్టండి. మీకు రెండు ఐడీలు ఉండొచ్చు.

నంబరు తప్పితే ఏమవుతుందో చూడండి. అమెరికాలో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ 2008లో సుమారు 30 కోట్ల డాలర్ల లీజు అప్పు తీర్చింది. దాని తనఖా రద్దు ఫారాలతోపాటు, సంబంధం లేని 150 కోట్ల డాలర్ల లోన్ తాలూకు నంబరు మీద కూడా పొరపాటున ఒక రద్దు ఫారం దాఖలైంది. కంపెనీ, అప్పిచ్చినవారి తరఫు జేపీ మోర్గాన్ బ్యాంకు, రెండు వైపుల లాయర్లు, అందరూ ఆ కాగితాలు చూసినవాళ్ళే. మరుసటి ఏడాది కంపెనీ దివాలా తీసింది. ఆ రద్దు చెల్లుతుందని 2015లో అప్పీలు కోర్టు తేల్చింది. ఫారం దాఖలుకు బ్యాంకు అనుమతి ఉంది కాబట్టి, ఉద్దేశం వేరన్న వాదన నిలబడలేదు.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో మీ కంపెనీ ఛార్జీల జాబితా తీసి, బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ (బాకీ లేదనే) లేఖ పక్కన పెట్టుకోండి. లోన్ మొత్తం, ఛార్జి ఏర్పడిన తేదీ, ఐడీ మూడూ కలిశాకే మీ సీఏ గారిని ఫారం వేయమనండి. లేఖలో ఐడీ లేకపోతే రాసిమ్మని బ్యాంకును అడగండి.